బురద బాటలలో పాదరక్షణ: వానకాలపు కొండ యాత్రలకు ఎటువంటి జోడు మేలు?

మృగశిర కార్తె దాటి వానలు నిలదొక్కుకొనగానే కొండలు పచ్చబడును, జలపాతములు నిండుగా దుముకును. అరకు, అనంతగిరి, మారేడుమిల్లి, తలకోన, అహోబిలము మొదలగు చోట్లకు మనవారు కుటుంబములతో బయలుదేరుదురు. మరికొందరు ఇంకను దూరము పోయి కొడగు, వయనాడు, మున్నారు, ఆగుంబె వంటి పడమటి కనుమల అడవులలో నడతురు. ఆగుంబెలో ఏటా 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురియును. అట్టి చోట దారి సగము బురద, సగము నీరు. ప్రయాణమునకు గొడుగు, దుప్పటి, తినుబండారములు, మందులు అన్నియు సర్దుకొందురు గాని కాలికి ఏది తొడుగుకొనవలెనో ముందుగా ఆలోచించువారు తక్కువ. ఇంటిలో ఉన్న జోడు ఏదో ఒకటి వేసుకొని పోవుదురు. లేదా ప్రయాణమునకు ముందునాడు దుకాణమునకు పోయి ఖరీదైన కొత్త జోడు కొని తెత్తురు. ఈ రెండును పొరపాట్లే.

ఈ వ్యాసకర్త ఎరిగిన ఒక పెద్దాయన విషయము ఇక్కడ చెప్పుట అవసరము. ఆయనకు పదునైదేండ్లుగా మధుమేహము. వానకాలములో పిల్లలతో కలిసి మూడు దినములు కొండలలో తిరిగి వచ్చినారు. నీరు చొరదని చెప్పగా కొన్న కొత్త బూట్లు కాలికి కొంచెము బిగువు. మొదటినాడే పైనుండి నీరు దిగి లోపల నిలిచిపోయినది. కాలికి స్పర్శ తగ్గియుండుటచే చిటికెన వ్రేలి ప్రక్క బొబ్బ లేచి చిట్లినను ఆయనకు తెలియలేదు. మూడవనాటి రాత్రి మేజోడు విప్పినప్పుడు నెత్తురు మరక చూచినారు. ఇంటికి వచ్చి పది దినములు పసుపు, ఆకుల పసరు కట్టుకొని కూర్చున్నారు. వైద్యుని వద్దకు పోవునప్పటికి వ్రేలు నల్లబడినది. ఆ వ్రేలు తీసివేయక తప్పలేదు. చెడినది కొండ వలన కాదు, వాన వలన కాదు. జోడు ఎన్నికలో ఒక తప్పు, ఇంటి వైద్యము ఎక్కడ ఆగవలెనో తెలియకపోవుట మరొక తప్పు.

శాస్త్రము ఏమి చెప్పుచున్నది?

మన పూర్వులు పాదరక్షను అలంకారముగా చూడలేదు. దినచర్యలో భాగముగా చెప్పినారు. చరక సంహిత సూత్రస్థానమున 5వ అధ్యాయములో పాదరక్ష ధరించుట కంటికి, చర్మమునకు హితమనియు, పాదములకు కలుగు కీడును తొలగించుననియు, బలము నిచ్చుననియు ఉన్నది. అష్టాంగ హృదయమున వాగ్భటుడు, బయట తిరుగువాడు గొడుగు, పాదరక్షలు కలిగి, యుగమాత్రము దూరము ముందు చూచుచు నడవవలెనని చెప్పినాడు. యుగమనగా కాడి. కాడి పొడవు, అనగా సుమారు నాలుగు మూరల దూరము నేలను చూచుకొని అడుగు వేయవలెనన్నమాట. బురద కొండపై నడచువారికి ఇంతకన్న మంచి సూత్రము లేదు. అదే గ్రంథమున ఋతుచర్యలో వర్షర్తువునందు వట్టి కాళ్ళతో తిరుగరాదని కూడ చెప్పబడినది.

బురద వలన వచ్చు పాదరోగమును సుశ్రుతుడు ప్రత్యేకముగా పేర్కొనినాడు. నిదానస్థానమున 13వ అధ్యాయములో 44 క్షుద్రరోగములను వర్ణించుచు, చెడిన బురద తగులుటచే కాలివ్రేళ్ళ సందులు చెమ్మగిలి, దురద, మంట, నొప్పి కలుగుటను "అలసము" అన్నాడు. వరి మడిలో నాట్లు వేయు స్త్రీలకు, దుక్కి దున్ను రైతులకు ఇది చిరపరిచితమైన బాధయే. ఎక్కువగా నడచువారి పాదములలో వాతము పెరిగి ఏర్పడు పగుళ్ళు "పాదదారి". రాళ్ళు ఒత్తుకొనుటచే, ముళ్ళు గ్రుచ్చుకొనుటచే ఏర్పడు గట్టి ఆనెకాయ "కదరము". వానకాలపు కొండదారిలో ఈ మూడింటికి కారణములు ఒకేచోట కలిసి యుండును.

నానిన పాదమునకు జరుగునదేమి?

అరికాలి చర్మము మందమైనది. గంటల తరబడి తడిలో నున్నచో ఆ చర్మపు పై పొర నీటిని పీల్చుకొని ఉబ్బి, తెల్లబడి, ముడుతలు పడును. నానిన చర్మము సులభముగా ఒరసిపోవును. ఇసుకరేణువు ఒకటి మేజోటిలో చేరినచో పొడి కాలికి గంటకు గాని చేయలేని గాయమును తడికాలికి కొద్ది నిమిషములలో చేయును. ఆ గాయము ద్వారా బూజు, చీము పట్టించు సూక్ష్మజీవులు లోనికి పోవును. వ్రేళ్ళ సందున చర్మము పలుచన గనుక చెడుట అక్కడనే మొదలగును.

అంతకన్న పెద్ద ప్రమాదములును గలవు. కొంకి పురుగు పిల్లలు తడి మట్టిలో నుండి వట్టి కాలి చర్మమును తొలుచుకొని శరీరములో చేరి, పేగులలో నెత్తురు పీల్చి పాండువును కలిగించును. ఎలుకల మూత్రము కలిసిన బురదనీరు పగుళ్ళకు, గాయములకు తగిలినచో ఎలుక జ్వరము రావచ్చును. తుప్పుపట్టిన మేకు, ముల్లు దిగినచో ధనుర్వాత భయము ఉండనే ఉన్నది. కావున ధనుర్వాతపు టీకా వేయించుకొని పదేండ్లు దాటినవారు ప్రయాణమునకు ముందే దానిని మరల వేయించుకొనుట మేలు.

నీటిని అడ్డుకొను జోడా, నీటిని వదలు జోడా?

పాదరక్షలు కొనువారు అడుగు మొదటి ప్రశ్న "ఇందులోనికి నీరు పోదు గదా?" అని. ఉష్ణదేశపు వానలో ఆ ప్రశ్నయే తప్పు. చలిదేశములో మంచుపై నడచువానికి నీరు చొరని బూటు మేలు చేయును. మన కొండలలో అట్లు కాదు. మోకాలి లోతు వాగు అడ్డము వచ్చును; వాన నీరు పిక్కల మీదుగా జారి బూటులోనికి దిగును; చెమట లోపలనే పుట్టును. నీటిని లోనికి రానీయని పొర, వచ్చిన నీటిని బయటికి పోనీయదు. దినమంతయు కాలు కుండలో నానవేసినట్లు ఉండును. అట్టి బూటు వాన తేమలో ఆరుటకు రెండు మూడు దినములు పట్టును.

అడవులలో తిరిగినవారు ఈ సంగతి చాలకాలము క్రిందటనే గ్రహించినారు. 1960వ దశకమున వియత్నాము యుద్ధములో అమెరికా సైనికులకు ఇచ్చిన అడవి బూట్లకు అడుగు పైభాగమున నీరు కారిపోవుటకు చిన్న రంధ్రములు పెట్టినారు. త్వరగా ఆరుటకై పై భాగమున తోలు తగ్గించి బట్ట వాడినారు. మలేషియా రబ్బరు తోటలలో కూలీలు వేసుకొను చౌకరకపు నల్ల రబ్బరు జోడును అక్కడివారు హాస్యముగా "అడిడాస్ కాంపుంగ్" అందురు. కాంపుంగ్ అనగా పల్లె. ఆ కంపెనీకి దీనితో సంబంధము లేదు. అడుగున రబ్బరు పళ్ళు, తేలిక బరువు, కడిగి దులిపినచో పోవు నీరు: ఈ మూడు గుణములచే నేడు అక్కడ కొండలెక్కువారును దానినే కోరి కొనుచున్నారు.

కనుక సూత్రము ఇది: వానకాలపు కొండలో కాలు తడియక మానదు. తడిసిన కాలు త్వరగా ఆరునట్లు చేయు జోడే మంచి జోడు.

ఏ రకము దేనికి పనికివచ్చును?

హవాయి చెప్పులు: బురదలో అంటుకొనిపోయి పట్టీలు తెగును. కాలు జారి బొటనవ్రేలు విరిగినవారును గలరు. బసలో ఇంటి చుట్టు తిరుగుటకు మాత్రమే వీనిని వాడవలెను.

తోలు చెప్పులు, తోలు బూట్లు: తోలు నీరు పీల్చి బరువెక్కును, ఆరినపుడు బిగిసి ఒరయును, వానకాలములో బూజు పట్టును. నున్నని అడుగుగల తోలు జోడు తడిరాతిపై అపాయకరము.

కాన్వాసు బూట్లు: చౌక, తేలిక. నీరు త్వరగా వదలును. కాని అడుగు చదునుగా నుండుటచే బంకమన్నుపై జారును. చదునైన దారిలో కొద్ది దూరమునకు చాలును.

పరుగు బూట్లు: నగరములో ఉదయపు నడకకు వాడు ఇవి మెత్తగా నుండును. ఆ మెత్తదనము స్పంజీ వలన వచ్చినది. అది నీరు పీల్చి పట్టుకొనును. అడుగున పళ్ళు లోతు తక్కువ.

గమ్ బూట్లు: తోటపనికి, పొలము పనికి మేలైనవి. పాము కాటు నుండి పిక్కల వరకు కొంత రక్షణ నిచ్చును. కాని లోపల చెమట పట్టును. వాలులో దిగునపుడు కాలు ముందుకు జారి వ్రేళ్ళు కొట్టుకొనును. గంటకు మించిన నడకకు తగవు.

వెనుక పట్టీగల సాండల్సు: వాగులు దాటుటకు బాగుండును, క్షణములో ఆరును. అయితే ముల్లు, జలగ, వాడియైన రాయి నుండి రక్షణ ఉండదు. అరికాలికి, అట్టకు నడుమ గరుకు ఇసుక చేరి ఒరయును.

వల అల్లిక బట్టతో చేసి, లోతైన పళ్ళుగల తేలిక కొండ బూట్లు: ఒక దినము నుండి మూడు నాలుగు దినముల నడకకు ఇవే సాధారణముగా ఉత్తమము. నీరు వచ్చిన దారినే పోవును. నాలుగడుగులు వేయగానే సగము నీరు చిమ్మిపోవును. వ్రేళ్ళ ముందు గట్టి రబ్బరు కాపు ఉన్నవి చూచి కొనవలెను. పెద్ద బరువు మోయువారు, చీలమండ ఇదివరలో బెణికినవారు చీలమండ దాటి పైకి వచ్చు బట్ట బూట్లు తీసికొనవచ్చును.

అడుగు భాగమును చూచి కొనుడు

జోడును తలక్రిందులు చేసి చూడనిదే కొనరాదు. బురదకు పళ్ళు నాలుగైదు మిల్లీమీటర్ల లోతున, ఒకదాని కొకటి ఎడముగా ఉండవలెను. దగ్గరగా ఉన్న పళ్ళ నడుమ బంకమన్ను నిండి, నాలుగడుగులలో అడుగు చదునైపోవును. మడమవైపు పళ్ళు అడ్డముగా ఉన్నచో దిగునపుడు కాలు పట్టుకొనును.

పాకుడు పట్టిన రాతికి లెక్క వేరు. అక్కడ లోతైన పళ్ళ కన్న మెత్తని రబ్బరు మేలు. గోటితో నొక్కి చూచినచో కొంచెము దిగవలెను; ప్లాస్టిక్కువలె గట్టిగా నుండరాదు. అయినను అహోబిలమున భవనాశి వాగు వెంట నడచినవారికి తెలియును, పచ్చని పాకుడుపై నిలుచు జోడు ఇంతవరకు పుట్టలేదు. అట్టి చోట చేతికఱ్ఱయే మూడవ కాలు. అనుమానము వచ్చినపుడు కూర్చుండి దిగుట అవమానము కాదు.

మరొక సంగతి. నాలుగైదేండ్లు బీరువాలో దాచిన బూట్లను నమ్మరాదు. మన వేడిమి, తేమలకు అడుగులోని మెత్తని పదార్థము, జిగురు లోలోపల పాడగును. చూచుటకు కొత్తవానివలె నున్నను, కొండ మధ్యలో అడుగు ఊడి చేతికి వచ్చును. ప్రయాణమునకు ముందు వానిని తడిపి, వంచి, రెండు మూడు దినములు వేసుకొని నడచి చూడవలెను.

కొలత

సాయంకాలము పాదములు కొంచెము ఉబ్బును గనుక జోడును అప్పుడే కొనవలెను. నడకలో వేసుకొను మేజోళ్ళతోనే తొడిగి చూడవలెను. రెండు పాదములు సమానముగా ఉండవు. పెద్ద పాదమునకు సరిపోవునది తీసికొనవలెను. పొడవైన వ్రేలికి, బూటు కొసకు నడుమ ఒక బొటనవ్రేలి వెడల్పు ఎడము ఉండవలెను. లేనిచో దిగుడు దారిలో గోళ్ళు కొట్టుకొని నల్లబడును. మడమ మాత్రము లేవరాదు. కొన్న తరువాత కనీసము రెండు వారములు ఇంటి దగ్గర తొడిగి నడచిన పిమ్మటనే కొండకు తీసికొని పోవలెను.

మేజోళ్ళు, జలగలు

నూలు మేజోడు తడిసినచో ఆరదు. కాలికి తడిగుడ్డ చుట్టినట్లుండును. పలుచని ఉన్ని గాని, నైలాను కలిసిన ఆటల మేజోళ్ళు గాని మేలు. దినమునకు రెండు జతలు, రాత్రి పడుకొనుటకు వేరుగా ఒక పొడి జత ఉండవలెను. ఆ రాత్రి జతను ఎట్టి పరిస్థితిలోను నడకకు వాడరాదు. దానిని ప్లాస్టిక్కు సంచిలో కట్టి ఉంచవలెను.

పడమటి కనుమలలో వానకాలమున జలగలు మెండు. మోకాలి వరకు వచ్చు, ఒత్తుగా నేసిన బట్ట మేజోళ్ళు తొడిగి ప్యాంటును అందులో దోపుకొన్నచో చాలవరకు రాలేవు. పట్టినచో కంగారుపడి పెరుకరాదు. సన్నని కొసవైపు గోటిని చర్మమునకు ఆనించి ప్రక్కకు త్రోసినచో విడిచిపెట్టును. రక్తమోక్షణము చేయు వైద్యులు జలగను విడిపించుటకు సైంధవ లవణము చల్లుదురు. అది వైద్యశాలలో, శుద్ధిచేసిన జలగతో చేయు పని. అడవి జలగపై ఉప్పు చల్లుట, నిప్పు పెట్టుట వలన అది కడుపులోనిది గాయములో క్రక్కవచ్చును. జలగ నోటిలోని పదార్థము నెత్తురు గడ్డకట్టనీయదు గనుక కొంతసేపు కారును. కడిగి, శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టుకొన్న చాలును.

పాదములకు చేయవలసిన ఉపచారములు

ముందు: ప్రయాణమునకు పదునైదు దినముల ముందు నుండి రాత్రి నిద్రకు ముందు పాదాభ్యంగము చేయవలెను. గోరువెచ్చని నువ్వుల నూనెను అరికాళ్ళకు, మడమలకు పది నిమిషములు మర్దించి గుడ్డతో తుడువవలెను. దీనివలన గరుకుదనము, బిగుసుదనము, అలసట, తిమ్మిరి పోవునని, పాదములు పగులవని చరకుడు చెప్పినాడు. గోళ్ళను ప్రయాణమునకు రెండు మూడు దినముల ముందే తిన్నగా కత్తిరించుకొనవలెను.

మన యిండ్లలో ఆషాఢమాసమున గోరింటాకు పెట్టుకొను ఆచారమును కూడ ఇక్కడ తలచుకొనవలెను. నీటిలో, బురదలో పని మొదలగు నెలలోనే అది వచ్చుట గమనింపదగినది. ఆకుకు రంగునిచ్చు లాసోను అను పదార్థమునకు బూజును అణచు గుణము ప్రయోగశాలలలోను కనబడినది. ఆకు ముద్దను గోళ్ళకు, వ్రేళ్ళ సందులకు పట్టించి ఆరిన పిమ్మట కడుగవలెను. బజారులో దొరకు నల్లరంగు గోరింటాకులో రసాయనములు కలుపుదురు, వానిని వాడరాదు.

నడకలో: ఉదయము అరికాళ్ళకు, మడమలకు కొబ్బరినూనె పలుచగా రాచి, తుడిచి, మేజోళ్ళు తొడుగుకొనవలెను. నూనె నీటిని కొంతవరకు ఆపును. మొదటి ప్రపంచ యుద్ధములో కందకములలో నిలిచి పాదములు కుళ్ళిపోవుచుండగా, బ్రిటిషు సైన్యము తిమింగిలపు నూనె రాచుటను, మేజోళ్ళు మార్చుటను ఆజ్ఞగా పెట్టవలసి వచ్చినది. మన అభ్యంగమును వారు అవసరము వలన నేర్చినారని చెప్పవచ్చును. రెండు మూడు గంటలకొకసారి రాతిపై కూర్చుండి బూట్లు విప్పి, మేజోళ్ళు పిండి, కాళ్ళకు గాలి తగులనీయవలెను. ఎక్కడైనను వేడిగా, ఒరసినట్లు తోచినచో అప్పుడే ఆగి అతుకుపట్టీ వేయవలెను. "బసకు పోయి చూతము" అనుకొన్నచో బొబ్బ అగును.

బసలో: ముందుగా పాదములు మంచినీటితో, సబ్బుతో కడుగవలెను. రెండు గుప్పెళ్ళ వేపాకు రెండు లీటర్ల నీటిలో మరిగించి వడకట్టి, గోరువెచ్చగా అయిన పిమ్మట దానితో కడుగుట దురదను తగ్గించును. వేపాకు దొరకనిచో రెండు చెంచాల త్రిఫల చూర్ణము లీటరు నీటిలో కాచి వాడవచ్చును. ఎక్కువసేపు నానబెట్టరాదు, దినమంతయు నానినది చాలును. అన్నిటికన్న ముఖ్యము, ప్రతి వ్రేలి సందును పొడిగుడ్డతో తుడుచుట. తరువాత చిటికెడు పసుపు కలిపిన కొబ్బరినూనెను ఒరసిన చోట మాత్రము పలుచగా రాయవచ్చును. బొబ్బ చిట్లనిచో చిట్లింపరాదు.

బూట్లను కడిగి, లోపలి అట్టను తీసి వేరుగా ఆరబెట్టి, లోపల పాత వార్తాపత్రిక కాగితములు కుక్కవలెను. నిప్పు దగ్గర పెట్టినచో జిగురు కరగును. ఉదయము తొడుగుకొనుటకు ముందు తలక్రిందులుగా దులుపుట మరువరాదు. తేలు, జెర్రి, కప్ప చల్లదనము కోరి అందులో దూరును.

ఇంటి వైద్యము ఎక్కడ ఆగవలెను?

మధుమేహ రోగులు కొండకు పోరాదని కాదు. కాని వారు ప్రయాణమునకు ముందు వైద్యునిచే పాదముల స్పర్శను పరీక్ష చేయించుకొనవలెను. ప్రతి రాత్రి అరికాలిని అద్దములో గాని, ఇంటివారి కన్నులతో గాని చూడవలెను. వారికి వేడినీటి కాపడము, ఆకు కట్లు, ఆనెకాయలు కోసికొనుట తగవు. గాయము ఎంత చిన్నదైనను అదే దినమున వైద్యునికి చూపవలెను. పైన చెప్పిన పెద్దాయన పోగొట్టుకొన్నది ఆ పది దినములే.

తక్కినవారును ఎఱ్ఱదనము పైకి ప్రాకుచున్నను, చీము, వాపు, చలిజ్వరము ఉన్నను ఆసుపత్రికి పోవలెను. యాత్ర ముగిసిన రెండు మూడు వారములలోగా జ్వరము, పిక్కల నొప్పులు, కన్నులు ఎఱ్ఱబడుట కనిపించినచో బురదలో నడచితిమని వైద్యునికి తప్పక చెప్పవలెను. ఎలుక జ్వరమును ఆరంభములో గుర్తించినచో మందులతో నయమగును. పాము కరచినచో కట్టు బిగించుట, కోయుట, నోటితో పీల్చుట, పసరు పోయుట పనికిరావు. కాలు కదలనీయక, విషమునకు విరుగుడు సూదిమందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను.

క్షేత్రములకు పోవువారికి ఒక మాట

కొండలపై వెలసిన దేవుని చూడబోవువారు మ్రొక్కుబడిగా వట్టి కాళ్ళతో నడతురు. ఆ భక్తిని కాదనుటకు లేదు. అయితే మధుమేహము, కాలి పుండ్లు, పగుళ్ళు ఉన్నవారు గుడి మెట్ల వరకు జోడు తొడిగి, అక్కడ విడిచి సంచిలో పెట్టుకొనవచ్చును. దేవుడు కోరునది శరణాగతి. పుండు పడిన కాలు కాదు.

యాత్ర కాగానే జోడును కడిగి ఆరబెట్టి దాచుట, ఆ రాత్రి పాదములకు నువ్వుల నూనె రాచుకొని పడుకొనుట మరువకుడు. మోసిన కాళ్ళకు మనము తీర్చవలసిన ఋణము అది.